పాపకు ఇంకా పేరు పెట్టలేదు

ఆ ప్రోగ్రాము రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. పేరు కోసం మరో పూట కూర్చున్నాను. అప్పట్లో నేను పనిచేసే ఆఫీసుకి ఇరవైకి పైగా బ్రాంచీలుండేవి. పగలంతా అక్కడ పడిన పద్దులు రాత్రికి హైదరాబాదులోని సర్వరుకి చేరేవి. దారిలో ఏ పద్దు జారిపోయినా, ఏదైనా రెండుసార్లు పడినా పట్టుకుని తెల్లారేసరికి జాబితా ఇవ్వడం ఆ ప్రోగ్రాము పని. అంతకుముందు ఇద్దరు మనుషులు పొద్దున్నే కూర్చుని, మధ్యాహ్నం భోజనం వేళ దాకా వరుస వరుసా పోల్చి చూసేవాళ్లు. మామూలు కళ్లకు అందనిది దీనికి అందుతుంది కదా అనిపించి త్రినేత్ర అన్నాను. ఆ మాట స్క్రీను మీద మొదటిసారి చూసుకున్నప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

నెల తిరిగేసరికి ఆ పేరు ఎవరి నోటా లేదు. "నైట్‌ది వచ్చిందా?", "నైట్‌దాంట్లో ఏముందో చూడండి" అని మాట్లాడుకునేవాళ్లు. రాత్రిపూట నడుస్తుంది గనక నైట్‌ది. పుణె బ్రాంచిలో ఒకాయన మాత్రం నేను పెట్టిన పేరుతోనే దాన్ని పిలవబోయి ఇబ్బందిపడ్డాడు. మనం త్రినేత్ర అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండు చోట్లా టీ పక్కన హెచ్ పెడతాం. ఆయన అలవాటులో ఆ హెచ్ లేదు. ఆయన తనకు తెలిసినట్టు టైపు చేస్తే, అలాంటి కమాండు ఏదీ లేదని మెషీను చెప్పేది. రెండు మూడుసార్లు ఫోను చేశాడు. చివరికి ఎవరో నైట్ అనే చిన్న షార్ట్‌కట్ పెట్టి ఆయన బాధ తీర్చారు. ఆ తర్వాత ఎవరికీ త్రినేత్రతో పని పడలేదు.

నాకు కష్టంగానే అనిపించింది. కానీ ఎవరూ నన్ను నొప్పించాలని ఆ పేరు మార్చలేదు. వాళ్లకు దానితో ఏ వేళ పని పడుతుందో, ఏ మాట నోటికి తొందరగా వస్తుందో ఆ మాటతో పిలిచారు, అంతే. నేను పెట్టిన పేరులో ఏముందో చూసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అందులో ఆ ప్రోగ్రాము చేసే పని లేదు. అది రాసినప్పుడు నాలో పొంగిన గర్వం ఉంది. పేరు పెట్టినవాడు దాన్ని ఒక్కసారే పెడతాడు. పిలిచేవాళ్లు రోజూ పిలుస్తారు. ఆ లెక్కన చూస్తే పేరు ఎవరిదో తెలుస్తూనే ఉంది.

ఈ సంగతి ఏ పుస్తకమూ లేకుండా తెలిసినవాళ్లు మన వంటిళ్లలో ఉన్నారు. అట్లకాడ. అట్లు తిప్పే కాడ. ఊదుగొట్టం. ఊదే గొట్టం. కత్తిపీటలో కత్తీ ఉంది, పీటా ఉంది. తిరిగేది తిరగలి, జల్లించేది జల్లెడ, విసిరేది విసనకర్ర. పొలంలో పళ్లున్న పనిముట్టు దంతె. ఈ పేర్లు ఎవరు పెట్టారో ఎక్కడా రాసి లేదు. పెట్టినవాళ్ల జాడ ఆ మాటల్లో రవ్వంత కూడా లేదు. పొయ్యి దగ్గర పొగలో కళ్లు మండుతుండగా చెయ్యి చాచి "ఆ ఊదుగొట్టం ఇటియ్యి" అన్న మనిషికి, ఇచ్చిన మనిషికి మధ్య ఒక్క క్షణం కూడా అనుమానం రాకూడదు. ఆ క్షణం కోసం పుట్టిన మాట అది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు తన పుట్టింట్లో ఆ వస్తువును ఇంకో పేరుతో పిలిచి ఉన్నా, ఈ మాట వినగానే ఏది తీయాలో ఊహించుకోగలదు. తెలియని మనిషికి దారి చూపడం కంటే ఒక మాట చేయగల పెద్ద మర్యాద ఏముంటుంది?

మా వృత్తిలోనూ అలాంటి పేరు ఒకటుంది, కాకపోతే బయటివాళ్లకు అది అర్థంలేని చప్పుడులా వినిపిస్తుంది. గ్రెప్. ఫైళ్లలో మాటలు వెతికిపెట్టే పనిముట్టు. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నవాళ్లు ఈడీ అనే ఎడిటరు వాడేవాళ్లు. ఫైలు మొత్తం వెతికి, ఫలానా అమరికకు సరిపోయే వరుసలన్నీ చూపించమని దానికి చెప్పాలంటే ముందు జీ కొట్టాలి, రెండు ఏటవాలు గీతల మధ్య ఆ అమరిక రాయాలి, చివర పీ కొట్టాలి. జీ అంటే ఫైలంతటా. పీ అంటే అచ్చు వెయ్యి. మధ్యలో రాసే అమరికను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు, పొడి అక్షరాల్లో ఆర్ఈ. వాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ ఈ ఒక్క పనినీ ఎడిటరులోంచి బయటికి తీసి విడి ప్రోగ్రాముగా చేసినప్పుడు, అప్పటికే అక్కడివాళ్ల వేళ్లకు అలవాటైన ఆ నాలుగు అక్షరాలే దాని పేరయ్యాయి. ఆ గదిలో ఉన్నవాళ్లకు అది అట్లకాడంత తేట. ఇవాళ ఆ పాత ఎడిటరు ముఖం చూడని పిల్లలు కూడా "ఒకసారి గ్రెప్ చేసి చూడు" అంటున్నారు. పేరుకి తల్లివేరు తెగిపోయినా చెట్టు నిలబడే ఉంది.

అప్పటి పేర్లు అంత పొట్టిగా ఎందుకున్నాయో తెలిశాక వాటి మీద నాకు గౌరవం పెరిగింది. వాళ్ల ముందు ఇప్పటిలా స్క్రీన్లు లేవు. టెలిటైపు యంత్రాలుండేవి. మోడల్ 33 టెలిటైపు సెకనుకు పది అక్షరాలకు మించి అచ్చు వేయలేదు. దాని మీటలు బలంగా నొక్కాలి. ఒక్కో అక్షరానికీ వేలు మూల్యం చెల్లించేది. కాపీ చేయడానికి సీపీ, జరపడానికి ఎంవీ, తీసేయడానికి ఆర్ఎం అని పేర్లు పెట్టినవాళ్లు రోజుకి వందసార్లు వాటిని కొట్టే మనిషి చేతిని తలుచుకున్నారు. ఆ పొదుపు ఒకచోట గీత దాటింది. కొత్త ఫైలు సృష్టించే సిస్టమ్ కాల్‌కి క్రియేట్ అని పేరు పెడుతూ స్పెల్లింగులో చివరి ఈ వదిలేశారు. యూనిక్స్‌ను మళ్లీ మొదటినుంచి రాస్తే ఏం మారుస్తారని తర్వాతెప్పుడో థాంప్సన్‌ని అడిగితే, ఆ ఈ పెడతానన్నారట. సరదాగా అన్న మాటే కావచ్చు. నాకు మాత్రం అది ఒక మనిషి తన చేతి పనిని ఎంత దగ్గరగా గుర్తుపెట్టుకుంటాడో చెప్పే మాట. ఆ అక్షరం ఇప్పటికీ అక్కడ చేరలేదు. దాన్ని నమ్ముకుని కట్టుకున్నవి మరీ ఎక్కువైపోయాయి.

అందమైన పేరు కాకపోయినా నిలబడ్డవి ఉన్నాయి. 2005 ఏప్రిల్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన లీనస్ టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే గిట్ రాశారు. లినక్స్ కెర్నల్ కోడు దాచుకోవడానికి అప్పటిదాకా ఉచితంగా వాడుతున్న పనిముట్టు ఇక వాళ్లకు ఆ పద్ధతిలో దొరకదని తేలాక రాసుకున్నది అది. బ్రిటన్ వాడుకలో గిట్ అంటే మంచి మాట కాదు, చిరాకు పుట్టించే మనిషిని అనే మాట. ఆయన దాన్ని తన మీదే వేసుకున్నారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన ఊళ్లలోని పెంటయ్యలు, పుల్లయ్యలు, బిచ్చమ్మలు గుర్తొచ్చారు. పుట్టిన బిడ్డలు వరసగా దక్కకపోతే, ఈసారి పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ల మీదో ఒక్క క్షణం పెట్టి తీసి ఆ పేరు పెట్టేవాళ్లు. ఎవరి కన్నూ పడకుండా బతకాలని. ఆ పేర్లలో తల్లి దిగులు ఉంది, మొక్కు ఉంది. అలాంటి పేరుని వినసొంపుగా లేదని ఎవరు తప్పుపడతారు?

లినక్స్ అనే పేరు మాత్రం టోర్వాల్డ్స్ పెట్టుకున్నది కాదు. తన పేరు కలిసేలా పెడితే గొప్పకు పోయినట్టుంటుందని ఆయన ఫ్రీక్స్ అనే ఇంకో మాట అనుకున్నారు. 1991లో ఆయన రాసిన ఫైళ్లను తమ ఎఫ్‌టీపీ సర్వరులో పెట్టిన ఆరి లెమ్కే ఆ ఫోల్డరుకి లినక్స్ అని పేరు పెట్టేశారు. ఆ పేరే ప్రపంచమంతా పాకింది. అక్కడా పిలిచినవాళ్లదే పైచేయి.

ఒక పేరు గురించి మాత్రం నేను గట్టిగా చెప్పదలిచాను. బొమ్మలు దిద్దుకునే జింప్ అనే మంచి ప్రోగ్రాము ఉంది. 1990ల మధ్యలో బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన పని అది. ఎందరో ఏళ్ల తరబడి కష్టపడి పెంచి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అయితే ఇంగ్లీషు వాడుకలో ఆ పేరు కాళ్లు సరిగా లేని మనిషిని కించపరిచే మాట. ఆ మాట నచ్చక 2019లో కొందరు అదే ప్రోగ్రాముని గ్లింప్స్ అనే పేరుతో విడిగా నడపాలని చూశారు. రెండేళ్లకు చేతులు చాలక ఆపేశారు. పేరంటే అంత పట్టింపు ఎందుకు అన్నవాళ్లు ఉన్నారు. నేను చిన్నప్పుడు చదివిన బడిలో పోలియో వచ్చిన కాలుతో నడిచే అబ్బాయి ఒకడుండేవాడు. వాడి పేరుకి ముందు ఒక మాట తగిలించి ఊరంతా పిలిచేది. పిలిచేవాళ్లలో చాలామందికి వాడంటే ప్రేమే. సాయంత్రం వాళ్లమ్మ కూడా వీధి చివరి దాకా వచ్చి వాణ్ని ఆ మాటతోనే కేకేసేది. వాడు పలికేవాడు. పలికిన ప్రతిసారీ వాడి ముఖంలో ఏదో ఒకటి ఆరిపోయేది. అది చూసినవాణ్ని గనక, పేరంటే అంత పట్టింపు ఎందుకని నేను అడగలేను. ఏ బడిలోనో పిల్లలందరి ముందూ పంతులుగారు ఆ ప్రోగ్రాము పేరు బోర్డు మీద రాస్తున్నప్పుడు వెనక బెంచీలో ఎవరు కూర్చుని ఉంటారో పేరు పెట్టేవాళ్లకు తెలియదు. తెలియదు గనకే ఆలోచించాలి.

మన తెలుగు పనిముట్ల సంగతికి వస్తే నాకు ఇష్టమైన పేరు లేఖిని. ఇంగ్లీషు మీటల మీద తెలుగు టైపు చేసుకోవడానికి వీవెన్ అనే ఆయన తయారుచేసి పెట్టినది. చేతిలో పట్టుకునే కలానికి ఉన్న పాత మాట అది. వినగానే ఇది రాసుకోవడానికి అని తెలిసిపోతుంది. ఎవరు చేశారో చెప్పదు, ఎంత గొప్పగా చేశారో చెప్పదు. అక్షరాల రూపాలకు, అంటే ఫాంట్లకు, దారి వేరు. అచ్చుకెక్కిన అక్షరానికి ఫలానా పని అని పేరు పెట్టడం కుదరదు. అందుకే అక్కడ మనవాళ్లు మనుషుల్ని తలుచుకున్నారు. తిరుమల కృష్ణ దేశికాచారి గారు చేసిన రెండు ఫాంట్లు పోతన, వేమన. తర్వాత వచ్చినవాటిలో ధూర్జటి ఉన్నాడు, సురవరం ఉన్నాడు, గురజాడ, గిడుగు ఉన్నారు. నోట్లో పలికే తెలుగునే కాగితం మీద రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు, ఫాంట్ల జాబితాలో వేలు పెట్టి ఎంచుకునే మాటగా మారడం నాకు ఎంతో బాగుంటుంది. వాడుక కోసం పాటుపడ్డ మనిషి వాడుకలోకి వచ్చారు.

తెలుగు మాటను కంప్యూటరు పనిముట్టుకి పెట్టేటప్పుడు ఆ హెచ్ తంటా మాత్రం ఎప్పుడూ ఉంటుంది. జల్లెడ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలంటే ఎల్‌లు ఎన్ని? కవ్వానికి వీ అక్షరాలు ఎన్ని? దీర్ఘానికి రెండు అక్షరాలా, ఒకటేనా? మన ఇంట్లోనే అన్న ఒకలా, చెల్లెలు ఒకలా రాస్తారు. ఆ తేడా ఉత్తరంలో అయితే మనిషి సర్దుకుని చదువుకుంటాడు. మెషీను సర్దుకోదు. అందుకని తెలుగు పేరు వద్దని అనను. ఒక్కలాగే రాయడానికి వీలున్న మాటలు మన దగ్గర లేకపోలేదు. వెతకడానికి ఇంకాస్త ఓపిక కావాలి.

తెలుగు మాట ఎవరూ అనుకోని దారిలో ఒక యంత్రానికి పేరైన కథ కూడా ఉంది. మన పందికొక్కు ఇంగ్లీషువాళ్ల నోట బాండికూట్ అయింది. అక్కడి నుంచి ఆస్ట్రేలియాలో దానికి ఏ చుట్టరికమూ లేని జంతువులకు అంటుకుంది. 2018లో కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ మ్యాన్‌హోళ్లలోకి దిగి శుభ్రం చేసే రోబోకి ఆ పేరే పెట్టింది. మనిషి దిగి ఊపిరాడక చనిపోయే చోటికి మనిషికి బదులు దిగే యంత్రం. పొలంగట్లను గుల్ల చేస్తుందని, ధాన్యం ఎత్తుకుపోతుందని మనం తిట్టుకునే జంతువు పేరు. కానీ చీకట్లో, మురుగులో, ఇరుకు కన్నాల్లో జంకు లేకుండా తిరిగేది ఇంకేముంది? ఆ పేరు పెట్టినవాళ్లు ఆ యంత్రం ఎక్కడికి దిగాలో కళ్లారా చూసి పెట్టారని నమ్ముతాను.

మళ్లీ నా నైట్‌ది దగ్గరికి వస్తాను. నాలుగేళ్లు గడిచాక బ్రాంచీలు పెరిగాయి, పద్దులు పెరిగాయి. రాత్రి ఒక్కసారి పోల్చితే చాలడం లేదని మధ్యాహ్నమూ, సాయంత్రమూ కూడా నడపడం మొదలుపెట్టారు. పేరు మాత్రం నైట్‌దే. ఒక మధ్యాహ్నం, చేరి వారం కూడా కాని కుర్రాడు సర్వరు నెమ్మదించిందేమిటని చూస్తే నైట్ అనే ప్రోగ్రాము నడుస్తూ కనపడింది. రాత్రి మొదలైంది ఆగకుండా ఇరుక్కుపోయి ఉంటుందనుకుని ఆపేశాడు. ఆ పేరు చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ పూట పోల్చాల్సినవి పోల్చలేదు. తేడా రెండు రోజులకు బయటపడింది. ఆ కుర్రాడు అందరి ముందూ మాటపడ్డాడు. ఎవరూ పేరు గురించి మాట్లాడలేదు. నేను కూడా ఆ గదిలో ఉన్నాను, మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది. పేరు అబద్ధమాడుతోందని నాకు తెలుసు. సరిదిద్దాల్సిన పని నాది. వాడుక పేరు అందరిదీ అన్నాను గదా, మరి అందరిదీ అయినదాన్ని ఎవరు చూసుకోవాలి? తెలిసినవాళ్లు.

ఆ వారం పేరు మార్చడానికి కూర్చున్నాను. మార్చడం పెట్టడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. వేళకు దాన్ని లేపే ఫైళ్లలో ఆ పేరుంది, దాని జాబితా తీసుకునే వేరే ప్రోగ్రాముల్లో ఉంది, బ్రాంచీల్లో గోడలకు అంటించిన కాగితాల మీద ఉంది, అన్నిటికంటే ఎక్కువగా నోళ్లలో ఉంది. చివరికి పోల్చడం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి పెట్టి, పాత పేరుతో పిలిచినా పలికేలా ఉంచాను. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయింది. అడిగితే అందరూ ఆ పేరు గొప్పదే అంటారు. రైలు టికెట్టు మీద కోడు మాత్రం ఇంకా ఆర్‌జేవై. గోదావరి వంతెన మీదికి రైలు ఎక్కగానే పక్కసీటు పెద్దాయన సంచి సర్దుకుంటూ "రాజమండ్రి వచ్చేసిందమ్మా" అంటాడు. రెండూ ఆ ఊరి పేర్లే. పాతదాన్ని నోళ్లలోంచి పెరికేయాలని చూడడం నాకు న్యాయంగా తోచదు. అది కూడా ఒకరోజు ఎవరో ప్రేమగా పిలిచినదే.

మొన్న మా అక్క మనవరాలికి బారసాల చేశారు. మా వైపు పదకొండో రోజునో, కుదరకపోతే ఇరవై ఒకటో రోజునో చేస్తారు. పళ్లెంలో బియ్యం పోసి, మా మేనల్లుడి చేత ఉంగరంతో అందులో పేరు రాయించారు. అంతవరకూ ఆ పిల్ల పాప. పాప ఏడుస్తోంది, పాప పడుకుంది, పాపను ఇటివ్వు. ఆ మూడు వారాలూ ఇంటిల్లిపాదీ చేసిందల్లా ఆ పిల్లను చూడడమే. ముక్కు ఎవరిది, ఏడుపు ఎవరిది, వేలు పట్టుకుంటే ఎంత గట్టిగా పట్టుకుంటోంది. పుట్టకముందే ఫోన్లలో ఎంచిపెట్టుకున్న పేర్లు అయిదారు ఉండేవి. ఆ చూడడంలోనే అవన్నీ ఒక్కొక్కటిగా జారిపోయాయి. పెట్టిన పేరు ఆ జాబితాలో లేనిది.

ఊరినుంచి వచ్చాక ఒక చిన్న ప్రోగ్రాము మొదలుపెట్టాను. స్కాను చేసిన పాత దస్తావేజుల్లో ఊళ్ల పేర్లు ఎన్ని రకాలుగా రాసి ఉన్నాయో ఏరి, ఒకే ఊరివన్నీ ఒకచోట చేర్చేది. ఆఫీసులో ముగ్గురు వాడుతున్నారు. ఒకామె దాన్ని ఊళ్లది అంటోంది. ఇంకొకరు చేర్చేది అన్నారు ఒకసారి. మూడో ఆయన ఏమీ అనకుండా, పేరు బదులు నా వైపు వేలు చూపించి "అదే, అది" అంటాడు. ఆయన దేని కోసం దాన్ని తెరుస్తున్నాడో పక్కన కూర్చుని చూస్తున్నాను. చేర్చడం కంటే, ఏ రెండు ఊళ్లు ఒకేలా కనపడుతూ వేరువేరో చూసుకోవడానికి ఎక్కువగా తెరుస్తున్నాడు. నేను దాన్ని అందుకు రాయలేదు.

ఫోల్డరు మీద పాప అనే ఉంది. ఇవాళ్టికి పద్నాలుగో రోజు.